అక్షరం చెదరకుండా చేరాలంటే: మన తెలుగు పాఠాల వెబ్‌సైటుకు తాళం ఎందుకు?



తెలుగు పాఠాలను గూర్చి వ్రాయవలసిన చోట తాళాలను, ముద్రలను గూర్చి వ్రాస్తున్నందుకు ముందుగా మన్నించగోరుతున్నాను. ఇది సాంకేతిక నిపుణుల విషయం, పలకా బలపం పట్టుకొనే మనవంటి వారిది కాదని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని మార్చిన సంఘటనతోనే ఈ వ్యాసం మొదలుపెడతాను.

2017 వేసవి సెలవులలో ఒకనాటి సాయంత్రం, కోయంబత్తూరులో మా ఇంటికి ఒక తండ్రి తన చేతిఫోను పట్టుకొని వచ్చారు. ఆయన కుమార్తె ఆ సెలవులలో నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకొనేది. పిల్లల కోసం నేను నడుపుతున్న చిన్న వెబ్‌సైటులో 'క' గుణింతం పుట తెరిచి ఆయన నా ముందుంచారు. గుణింతం నేను వ్రాసినదే. దాని క్రింద మాత్రం, డబ్బు పెట్టి పేకాట ఆడండి రమ్మని పిలిచే రంగురంగుల ప్రకటన ఒకటి మెరుస్తున్నది.

"పిలకాయలు చూసే చోట ఇదెందుకు సార్ పెట్టినారు?" అని ఆయన అడగలేక అడిగారు.

నేను పెట్టలేదు. అదే పుటను మా ఇంటి కంప్యూటరులో తెరిచి చూపించాను. అక్కడ ప్రకటన లేదు. ఆయన మర్యాద గల మనిషి కనుక తల ఊపి వెళ్ళిపోయారు. నా మాట నమ్మారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మరుసటి వారం నుండి ఆ పాప పాఠానికి రాలేదు.

నా వెబ్‌సైటులోకి ఎవరైనా దొంగలు చొరబడ్డారేమోనని ఆ రాత్రి గాలించాను. ఎవరూ చొరబడలేదు. నేను ఎక్కించిన పుట ఎక్కించినట్లే ఉన్నది. మార్పు జరిగినది నా దగ్గరా కాదు, ఆయన ఫోనులోనూ కాదు. ఆ రెంటి నడుమ, దారిలో జరిగినది. నా పుట అప్పటికి 'హెచ్‌టీటీపీ' అనే పాత పద్ధతిలో, విప్పిన కాగితంలా ప్రయాణం చేస్తున్నది. దారిలో ఉన్నవారు దానిని చదవనూ వచ్చు, దానిపై ఏదైనా అతికించనూ వచ్చు. దానిని 'హెచ్‌టీటీపీఎస్' అనే తాళం వేసిన పద్ధతికి మార్చి ఉంటే ఆ ప్రకటనను అతికించడం సాధ్యమయ్యేది కాదు. ఆ పని నేను చేయలేదు. కారణం అజ్ఞానం కొంత, బద్ధకం కొంత. నా చిన్న సైటులో దాచవలసినది ఏమున్నదనే తేలిక భావం మిగిలినదంతా.

ఈ తేలిక భావం నా ఒక్కడిదే కాదు. తెలుగు నేర్పే వెబ్‌సైట్లు నడుపుతున్న తోటి ఉపాధ్యాయులు కొందరు ఈనాటికీ నాతో ఈ మాటే అంటున్నారు: "బ్యాంకు సైటుకు తాళం కావాలి గాని, అ ఆ ఇ ఈ లకు ఎందుకండీ?" ఈ ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే. రహస్యాలు ఉన్నవారికి మాత్రమే తాళం అనుకోవడం పొరపాటు. వ్రాసినది వ్రాసినట్లుగా చదువరికి చేరాలని కోరే ప్రతివారికీ అది అవసరం. మనవంటి చోట, మనవంటి పిల్లలకు, ఆ అవసరం బ్యాంకుకున్న దానికంటె తక్కువేమీ కాదు.

ఎందుకో వివరిస్తాను.

మన పూర్వులు ఈ నేలకు వచ్చి శతాబ్దాలు గడిచాయి. విజయనగర కాలంలో మధుర నాయక రాజ్యాన్ని స్థాపించిన విశ్వనాథ నాయకుని మొదలుకొని, 1736లో ఆ రాజ్యం అంతరించేవరకు, తెలుగు మాటాడే కుటుంబాలు మధుర, తిరునెల్వేలి, కొంగునాడు ప్రాంతాలలో స్థిరపడుతూనే వచ్చాయి. తిరుమల నాయకుడు 1636 ప్రాంతంలో కట్టించిన మహలును నేడు మధురకు వచ్చే యాత్రికులందరూ చూస్తారు. ఆ వంశంలోని విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనంలో 'శ్రీరంగ మాహాత్మ్యము' రచించిన సంగతి మాత్రం మన పిల్లలలో ఎందరికి తెలుసు? తెలుగు వచన రచనకు ఒకనాడు కొలువైన ఊళ్ళోనే నేడు తెలుగు ఇళ్ళ పిల్లలు తెలుగు ఫలకాన్ని కూడబలుక్కొని కూడా చదవలేరు.

వారికి తెలుగు రాదని కాదు. ఇంట్లో అవ్వతో, తాతతో మాటాడుతారు. పీలమేడులోను, రాజపాళయంలోను, కోవిల్‌పట్టి చుట్టుప్రక్కల పల్లెలలోను నేటికీ తెలుగు వినబడుతుంది. అయితే అది చెవి నుండి నోటికి, నోటి నుండి చెవికి నడిచే తెలుగు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ గారు తెలుగు ఇంట పుట్టి తమిళంలో మహారచయిత అయ్యారు. తెలుగువారి వలస గాథను నవలలుగా వ్రాసినది ఆయనే. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన కథ మనకు తమిళ లిపిలో దక్కింది. అందుకు ఆయనకు మనం ఎంతో ఋణపడి ఉన్నాము. కాని లిపి మన ఇళ్ళలో ఎంత పలుచబడినదో కూడా ఆ సంగతి చెబుతున్నది.

బడిలో పరిస్థితి మీకు తెలిసినదే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఆ విద్యా సంవత్సరం ఒకటవ తరగతితో మొదలై ఏటేటా పై తరగతులకు ప్రాకింది. మాతృభాష ఐచ్ఛిక విషయంగా మిగిలింది. తమిళం నేర్చుకోవడం తప్పని నేను ఏనాడూ అనలేదు. అది మనకు అన్నం పెట్టిన నేల భాష. నేను చెప్పదలచినది ఇంతే: బడిలో తెలుగు గంట దొరకని పిల్లకు, ఇంట్లో తెలుగు చదవగల పెద్ద లేని పిల్లకు, ఫోను తెరమీద కనబడే పుటయే పలక, పుస్తకం, పంతులు కూడా.

ఇప్పుడు ఆ పుట దారిలో మారిందనుకోండి. విజయవాడలో అయితే తల్లి చూసి, ఇదేమిటి, ఇది పాఠంలోది కాదే అంటుంది. ఇక్కడ తల్లికి ఆ లిపి రాదు. పుటలో ఏది మాష్టారు వ్రాసినదో, ఏది దారిలో అతికించినదో చెప్పగల వారు ఆ ఇంట లేరు. కనుక ఆ ఇంటివారు వచ్చినదంతా మాష్టారు పంపినదే అనుకుంటారు. లిపి తెలియని చోటికి పంపే ఉత్తరానికి, తెలిసిన చోటికి పంపే ఉత్తరం కంటె గట్టి ముద్ర కావాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన అసలు మాట ఇదే.

అతిశయోక్తి చేయను. మన గుణింతంలో కొమ్ము తీసి కొమ్ముదీర్ఘం పెట్టడానికి ఎవరూ పనిగట్టుకొని కూర్చోరు. దారిలో జరిగేది ఎక్కువగా వ్యాపారమే: ప్రకటనలు అతికించడం, ఎవరు ఏమి చదువుతున్నారో కనిపెట్టడం. ఇది ఊహ కాదు. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామరు ఒకరు తన సొంత వెబ్‌సైటును ఎయిర్‌టెల్ 3జీ మీద తెరిచి చూడగా, తాను వ్రాయని కోడు ఒకటి ఆ పుటలో చేరి ఉండడం కనిపెట్టారు. ఆ సంగతిని ఆధారాలతో బయటపెట్టారు. ఆ కోడు వెనుక ఉన్న ఇజ్రాయెల్ సంస్థ తరఫున ఆయనకు లాయరు నోటీసు వచ్చింది. వాడుకరులు తమ డేటా వినియోగాన్ని తెలుసుకోవడానికే ఆ ఏర్పాటు అని ఎయిర్‌టెల్ వివరణ ఇచ్చింది. ఆ వివరణ ఒప్పుకొన్నా ఒప్పుకోకపోయినా, ఒక్కటి మాత్రం తేలిపోయింది. తాళం లేని పుటను దారిలో మార్చడం సాధ్యమే, జరిగినదే. పుట యజమానికి ఎవరూ ఒక మాట చెప్పలేదు కూడా.

తాళం అంటే ఏమిటో ఇప్పుడు సులువుగా చెప్పుకుందాం. పోస్టుకార్డు, మూసిన కవరు మన తరానికి తెలిసినవే. పోస్టుకార్డును దారిలో ఎవరైనా చదవవచ్చు, చివర రెండు పంక్తులు చేర్చనూ వచ్చు. హెచ్‌టీటీపీ అటువంటిది. హెచ్‌టీటీపీఎస్ మూసి, లక్క ముద్ర వేసిన కవరు వంటిది. అది మూడు పనులు చేస్తుంది. మొదటిది, దారిలోని వారు చదవలేకుండా విషయాన్ని గూఢలిపిలోకి మారుస్తుంది. రెండవది, దారిలో ఒక్క అక్షరం మారినా బ్రౌజరు పసిగట్టి ఆ పుటను నిరాకరిస్తుంది. మూడవది, మీరు మాటాడుతున్నది మీరు టైపు చేసిన చిరునామా గల సైటుతోనే అని రుజువు చూపుతుంది. అందరూ మొదటి పనినే తలుస్తారు. మనకు అన్నింటికంటె ముఖ్యమైనది రెండవది.

మన సాహిత్యంలో 'రాయవాచకము' అనే వచన గ్రంథం ఉన్నది. కృష్ణదేవరాయల వృత్తాంతాన్ని ఒక స్థానాపతి తన ప్రభువైన విశ్వనాథ నాయకునికి నివేదించినట్లుగా అది సాగుతుంది. అది 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలోనే వెలసి ఉంటుందని పండితుల అభిప్రాయం. స్థానాపతి అంటే దూరాన ఉండి ప్రభువుకు వార్త పంపేవాడు. అటువంటి వాడి వార్తకు విలువ ఎక్కడిది? అది అతనిదే అని, దారిలో మారలేదని వినేవాడు నమ్మగలగడంలోనే ఉన్నది. మనమూ ఒక విధంగా స్థానాపతులమే. ఇక్కడ పాఠం వ్రాసి ఎక్కడో తేనిలోనో, తిరుమంగళంలోనో ఉన్న పాపకు పంపుతున్నాము.

ఆ మూడవ పనికి ఒక ధ్రువపత్రం అవసరం. దీనిని మన వృత్తితోనే పోల్చి చెబుతాను. నా ఉపాధ్యాయ శిక్షణ ధ్రువపత్రాన్ని నేనే వ్రాసుకొని తెస్తే ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోడు. దానిపై అధికారి సంతకం, ముద్ర ఉండాలి. ఆ అధికారి ఎవరో ఆయనకు ముందే తెలిసి ఉండాలి. బ్రౌజరు కూడా అంతే. నమ్మదగిన ధ్రువీకరణ సంస్థల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది. వారిలో ఒకరి ముద్ర ఉన్న పత్రాన్నే అది అంగీకరిస్తుంది.

ముద్ర వేసేవారు తప్పు చేస్తే? అదీ జరిగింది, మన దేశంలోనే జరిగింది. 2014 జూలైలో, మన ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరిట గూగుల్ చిరునామాలకు అనధికార ధ్రువపత్రాలు జారీ అయినట్లు బయటపడింది. దేశ ధ్రువీకరణ నియంత్రణాధికారి ఆ సంస్థకిచ్చిన అధికార పత్రాలను రద్దు చేశారు. కనుక ఈ ఏర్పాటు దోషరహితమని నేను చెప్పను. తప్పు దొరికినప్పుడు దిద్దే మార్గం ఉన్న ఏర్పాటు అని మాత్రం చెప్పగలను. విప్పిన కాగితానికి ఆ మార్గం కూడా లేదు.

ఇంత మంచి ఏర్పాటు మనవంటి వారికి ఇంత ఆలస్యంగా ఎందుకు చేరింది? డబ్బు వలన. నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరులో ఈ గూఢలేఖన పద్ధతిని తొలిసారి అందించినప్పుడు దాని ఉద్దేశం వ్యాపారం: క్రెడిట్ కార్డు నంబరు భద్రంగా చేరాలి. ఆ తరువాత ఇరవై ఏళ్ళపాటు ధ్రువపత్రం అంటే ఏటా డబ్బు కట్టి కొనుక్కొనే వస్తువుగానే ఎక్కువ మందికి తెలుసు. జీతం డబ్బులతో తెలుగు సైటు నడిపే ఉపాధ్యాయుడు దాని జోలికి పోలేదు. 2015 డిసెంబరు 3న 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' అనే లాభాపేక్ష లేని సంస్థ అందరికీ ఉచితంగా ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజుతో డబ్బు అనే సాకు పోయింది. అదే 2015 జూన్‌లో వికీమీడియా సంస్థ తన ప్రాజెక్టులన్నిటికీ తాళాన్నే సహజ స్థితిగా చేస్తున్నట్లు ప్రకటించింది. తెలుగు వికీపీడియా కూడా అందులో భాగమే. వేమనను గూర్చిన వ్యాసంలో రహస్యం ఏమున్నదని వారు ఊరుకోలేదు.

తరువాత బ్రౌజర్లే పట్టు బిగించాయి. 2018 జూలైలో వచ్చిన క్రోమ్ 68వ వెర్షన్, తాళం లేని ప్రతి పుటకూ సురక్షితం కాదన్న ముద్ర చూపడం ప్రారంభించింది. పేకాట ప్రకటన నాడు కదలని నేను, ఆ హెచ్చరిక మా బంధువుల ఫోనులో నా సైటు పేరు ప్రక్కన కనబడిన నాడు కదిలాను. "మీ తెలుగు సైటులో వైరస్ ఉండాదా మామా?" అని మేనల్లుడు అడిగిన మాట గుచ్చుకున్నది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, 2019 సంక్రాంతి సెలవులలో ఆ పనికి పూనుకున్నాను. 2025 అక్టోబరులో గూగుల్ మరొక ప్రకటన చేసింది. 2026 అక్టోబరులో విడుదల చేయదలచిన 154వ వెర్షన్ నుండి, తాళం లేని బహిరంగ సైటును మొదటిసారి తెరిచేముందు క్రోమ్ వాడుకరిని అనుమతి అడుగుతుందట. ఇటువంటి ప్రశ్న ఎదురైతే లిపి రాని తల్లి ఏమి చేస్తుంది? వెనక్కు వెళ్ళిపోతుంది. పాప పాఠం అక్కడితో ఆగుతుంది.

ఇక పని సంగతి. భయపడవలసినంత లేదు. మీ సైటుకు చోటు ఇచ్చిన హోస్టింగు సంస్థ చాలావరకు ఉచిత ధ్రువపత్రాన్ని తానే అమర్చుతుంది. అమర్పుల పుటలో ఒక మీట నొక్కితే చాలు. అక్కడితో పని అయిపోయిందనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు.

తాళం పెట్టడం వేరు, తాళమే సహజ స్థితి కావడం వేరు. ధ్రువపత్రం అమర్చిన తరువాత సైటుకు రెండు ద్వారాలు ఉంటాయి: పాతది తెరిచిన ద్వారం, క్రొత్తది తాళం ఉన్న ద్వారం. నేను 2012 నుండి తల్లిదండ్రులకు కాగితాలపై అచ్చువేసి పంచిన చిరునామా పాత ద్వారానిది. వారందరూ దాని గుండానే వస్తూ ఉంటే క్రొత్త తాళం వలన ప్రయోజనం లేదు. కనుక పాత ద్వారానికి వచ్చిన ప్రతివారినీ క్రొత్త ద్వారానికి మళ్ళించాలి. దీనిని శాశ్వత మళ్ళింపు అంటారు; దాని సంఖ్య 301. చదువరి ఏమీ చేయనక్కరలేదు, ఏమీ తెలుసుకోనక్కరలేదు. సహజ స్థితి అనడంలో అర్థం ఇదే. భద్రత తెలిసినవాడికి మాత్రమే దక్కడం కాదు, తెలియని అవ్వకు కూడా అడగకుండానే దక్కాలి.

రెండవ తప్పు లంకెలది. అక్షరాల ఉచ్చారణ వినిపించే ధ్వని ఫైళ్ళను నేను వేరొక ఉచిత స్థలంలో ఉంచి, పాత పద్ధతి లంకెలతో పుటకు కలిపాను. ఆ స్థలానికి తాళం లేదు. తాళం వేసిన పుటలోకి తాళం లేని వస్తువు వస్తే బ్రౌజర్లు మొదట హెచ్చరించేవి. 2020 నుండి క్రోమ్ అటువంటి ధ్వనులను ఆపివేయసాగింది. ఫలితంగా ఒకనాడు నా అక్షరాలన్నీ మూగబోయాయి. 'ఋ' మీద నొక్కితే నిశ్శబ్దం. ఫైళ్ళన్నీ సొంత సైటులోకి తెచ్చి, లంకెలు ఒక్కొక్కటిగా దిద్దుకున్నాను. రెండు ఆదివారాలు పట్టింది.

మూడవది గడువు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రం మొదటి నుండి 90 రోజులకే చెల్లేది. ఈ గడువులు ఇంకా తగ్గుతున్నాయి. 2025లో ధ్రువీకరణ సంస్థలు, బ్రౌజర్ల ఉమ్మడి వేదిక తీసుకున్న నిర్ణయం ప్రకారం, 2029 మార్చి నాటికి ఏ ధ్రువపత్రమూ 47 రోజులకు మించి ఉండరాదు. కాబట్టి పంచాంగంలో గుర్తు పెట్టుకొని చేతితో మార్చే పద్ధతి పనికిరాదు. తనంతట తానే మారే ఏర్పాటు మీ హోస్టింగులో ఉన్నదో లేదో ముందుగానే అడిగి తెలుసుకోండి. గడువు దాటిన ధ్రువపత్రం చూపే హెచ్చరిక, అసలు తాళం లేకపోవడం కంటె ఎక్కువగా భయపెడుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. వాటిలో బలమైనవి ఉన్నాయి. దాటవేయడం న్యాయం కాదు.

మొదటిది, పాత ఫోనులు. మన ఇళ్ళలో పిల్లల చేతికి వచ్చేది నాన్న వాడి పక్కన పెట్టిన ఫోను. 7.1.1 కంటె పాత ఆండ్రాయిడ్ ఫోనులు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి మూల ముద్రను గుర్తించవు. వాటి కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు 2024 సెప్టెంబరుతో ముగిసింది. రెండవది ఇంతకంటె లోతైనది. అమెరికా వెబ్ నిపుణుడు ఎరిక్ మేయర్ 2018లో ఉగాండా పల్లెటూరి బడి అనుభవాన్ని వ్రాశారు. ఉపగ్రహం ద్వారా నెమ్మదిగా వచ్చే ఇంటర్నెట్టును, ఒకసారి వచ్చిన పుటను దగ్గరే దాచి పదిమందికి చూపే పద్ధతితో అటువంటి చోట్ల గడుపుకొనేవారు. అన్ని సైట్లూ తాళం వేసుకోగానే ఆ పద్ధతి పనిచేయడం మానివేసింది. దారిలోని దొంగనూ, దారిలోని సహాయకుడినీ తాళం వేరు చేయలేదు. ఈ బాధ నిజమైనది.

నా జవాబు ఇది. తాళం తీయడం దీనికి మందు కాదు. వేరే దారి కూడా ఉంచడమే మందు. నేను ప్రతి పాఠాన్నీ ఒకే ఫైలుగా దించుకొనేలా అమర్చాను. ఒకరి ఫోనులో దిగితే, ఆ ఫైలును పదిమందికి పంచుకోవచ్చు. పాత ఫోను ఉన్న ఇళ్ళకు అచ్చు కాగితాలు పంపుతున్నాను. కాగితానికి బ్రౌజరు అవసరం లేదు కదా. పనికొచ్చే ఫోను లేని కొందరి కోసం, ఫోను ఉన్న పిల్లలందరినీ తాళం లేని వీధిలో నిలబెట్టడం సమంజసం కాదు.

మూడవ అభ్యంతరం: ఒక పెద్ద కంపెనీ బ్రౌజరు చెప్పినట్లు ప్రపంచమంతా ఆడాలా? ఈ ప్రశ్న నన్నూ బాధిస్తుంది. ఒక మిత్రుడు నెలకొల్పిన మంచి తెలుగు పద్యాల సైటు, నిర్వహించేవారు లేక, తాళం లేకుండానే మిగిలిపోయింది. రేపు క్రోమ్ దానిని అనుమానితుడిలా చూపుతుంది; అందులోని పద్యాలకు ఏ దోషమూ లేదు. ఇటువంటి పాత సైట్ల బాధ్యత మనలో బ్రతికి ఉన్నవారు తీసుకోవాలి. చిరునామా పోకముందే పాఠాన్ని కాపీ చేసి, అనుమతితో మరొక చోట నిలపాలి. అధికారం ఎవరిదని వాదించడానికి సమయం ఉంటుంది. పోయిన పుటను తేవడానికి ఉండదు.

చివరగా ఒక హెచ్చరిక. తాళం ఉన్నది కనుక సైటు మంచిదని పిల్లలకు చెప్పవద్దు. ధ్రువపత్రం నేను ఉపాధ్యాయుడనని మాత్రమే చెబుతుంది, బాగా బోధిస్తానని చెప్పదు. మోసగాడి సైటుకు కూడా ఉచితంగా తాళం దొరుకుతుంది. ఈ పొరపాటు ఎక్కువైనందుననే క్రోమ్ 2023 సెప్టెంబరులో తాళం బొమ్మను తీసి వేరే గుర్తు పెట్టింది. చిరునామాను అక్షరం అక్షరం చదవడం పిల్లలకు నేర్పండి. చదవడం నేర్పడం మన వృత్తియే కదా.

అలాగే, మీ సైటులో పిల్లల పేర్లు, ఫోను నంబర్లు, గొంతు రికార్డులు అడిగే చోట్లు ఉంటే మరొకసారి ఆలోచించండి. తాళం వాటిని దారిలోనే కాపాడుతుంది. మీ దగ్గరకు చేరాక బాధ్యత మీది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారిని పిల్లలుగానే ఎంచి, తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది. నేను ఆ ఫారమును పూర్తిగా తీసివేశాను. అడగని సమాచారం పోయే ప్రమాదం లేదు.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఈ ఆదివారం మీ సైటును మీ కంప్యూటరులో కాదు, ఇంటికి వచ్చిన బంధువు ఫోనులో, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. పాత చిరునామా టైపు చేయండి. అది తాళం ఉన్న ద్వారానికి తనంతట తానే మళ్ళుతున్నదా? ధ్వనులు వినబడుతున్నాయా? మీరు వ్రాయనిది ఏదైనా కనబడుతున్నదా? లోపం ఉంటే సెలవులు వచ్చేవరకు ఆగవద్దు. నేను ఆగాను.

ఆ పాప ఇప్పుడు పెద్దదై ఉంటుంది. 'క' గుణింతం దాటి 'చ' గుణింతానికి వచ్చిందో లేదో నాకు తెలియదు.